ట్రైలర్ పైకప్పు సీలెంట్ టేపు: ఎక్కడ దాచాలి, ఎన్నాళ్లు పనికొస్తుంది, పాత రోల్‌ని ఎలా పరీక్షించాలి

"మూడేళ్ల కిందట కొన్న రోల్ గ్యారేజీలో దొరికింది, వాడొచ్చా?" డాలస్ చుట్టుపక్కల ట్రావెల్ ట్రైలర్లు, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇళ్లలాంటి బండ్లు, కొనుక్కున్న మనవాళ్లు పైకప్పు కారకుండా వేసే టేపు గురించి ఏటా మార్చి, ఏప్రిల్‌లో అడిగే ప్రశ్న ఇది. వడగళ్లు మొదలయ్యేది అప్పుడే, పైకప్పు వైపు తలెత్తి చూసేదీ అప్పుడే. నేను తిరిగి అడిగేది ఒకటే: ఈ మూడేళ్లూ అది ఎక్కడ పడి ఉంది? ఇంట్లో, ఏసీ తగిలే అల్మరాలో ఉంటే చాలావరకు బాగానే ఉంటుంది. ట్రైలర్ సామాన్ల అరలో రెండు టెక్సస్ ఎండాకాలాలు గడిపిందంటే మాత్రం, ప్యాకెట్ విప్పకపోయినా దాని పని అయిపోయి ఉండొచ్చు.

నాకు ఈ సంగతి టెక్సస్‌లోని పాలో డ్యూరో కాన్యన్‌లో క్యాంపు వేసినప్పుడు తెలిసింది. అర్ధరాత్రి వాన, స్కైలైట్ అంచు నుంచి చుక్కలు. ముందు అరలో కొత్త రోల్ ఉంది కదా అనే ధైర్యంతో టార్చిలైటు పట్టుకుని వెళ్లి తీస్తే, జిగురు కాగితాన్ని కరుచుకుపోయి కాగితమంతా పీలికలు పీలికలుగా ఊడింది. ఆ రాత్రికి అన్నం గిన్నె చుక్కల కింద పెట్టి పడుకున్నాం.

కాబట్టి ఈ మార్గదర్శి టేపు అతికించడం గురించి కాదు, అతికించే రోజు దాకా దాన్ని బాగా ఉంచడం గురించి.

## 1. ముందు మీ దగ్గరున్నది ఏ టేపో చూసుకోండి

అన్నిటినీ "సీలెంట్ టేపు" అనే అంటాం కానీ ఇవి వేరువేరు సరుకులు, పాడయ్యే తీరూ వేరు.

రూఫ్ రిపేర్ టేపు. ఒకవైపు గట్టి తెల్లటి పొర, రెండోవైపు మందంగా జిగురు, దాని మీద ఊడదీసే కాగితం, అంటే లైనర్. ఎటర్నాబాండ్ అనే బ్రాండు ఈ జాతిదే. చిరుగుల మీద, వెంట్ల (గాలి ఆడటానికి పైకప్పులో పెట్టే కిటికీల్లాంటివి) చుట్టూ, అతుకుల మీద పై నుంచి వేస్తాం.

బ్యూటైల్ టేపు. బ్యూటైల్ అనే మెత్తటి రబ్బరుతో చేసిన సన్నటి రిబ్బన్, సాధారణంగా 1/8 అంగుళం మందం, ముప్పావు నుంచి అంగుళం వెడల్పు. కిటికీ, వెంట్, మార్కర్ లైటు బిగించేటప్పుడు వాటి అంచు కింద పెట్టి స్క్రూలు బిగిస్తాం. ఇది ఎప్పటికీ గట్టిపడకూడదు, మెత్తగా ఉండటమే దాని పని.

పుట్టీ టేపు. చూడటానికి బ్యూటైల్ లాగే ఉంటుంది, చవక. కాలం గడిచేకొద్దీ ఎండి పగుళ్లిస్తుంది. దీన్ని దాచుకునే శ్రమే దండగ, పైకప్పు మీద అసలు వాడకండి.

ఫోమ్ టేపు. స్లైడవుట్ల (ట్రైలర్ గోడలోంచి బయటికి జరిగే గది భాగాలు) దగ్గర, తలుపుల దగ్గర వాడేది. దీనికి ముఖ్యమైన జాగ్రత్త ఒకటే: మీద బరువు పెట్టకూడదు, నలిగితే మళ్లీ పొంగదు.

ట్యూబుల్లో వచ్చే లాప్ సీలెంట్ వేరే కథ. అది గాలి తగిలితే గట్టిపడే సరుకు, సీలు తీశాక ఎక్కువ రోజులు ఆగదు. కింద చెప్పేవన్నీ టేపుల గురించే, ముఖ్యంగా మొదటి రెండింటి గురించి.

## 2. తేదీ చదవడం

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో ఫలానా సంవత్సరాలు అని ఉంటుంది చూశారా, అది పైకప్పుకి అతికించాక ఎన్నాళ్లు నిలుస్తుందని చెప్పే లెక్క. రోల్ అల్మరాలో ఎన్నాళ్లు ఉంటుందనే లెక్క వేరు, అది చిన్నది. బ్యూటైల్ రకాలకు చాలా కంపెనీలు ప్యాకెట్ విప్పకుండా, చెప్పిన ఉష్ణోగ్రతలో ఉంచితే ఒకటి రెండేళ్లు అని రాస్తాయి. మీ రోల్ సంగతి కచ్చితంగా తెలియాలంటే ఆ కంపెనీ సైటులో దాని టెక్నికల్ డేటా షీటు తెరిచి, "షెల్ఫ్ లైఫ్", "స్టోరేజ్" అనే రెండు వరుసలు చూడండి. రెండు నిమిషాల పని.

ఆ గడువు మామూలుగా తయారైన రోజు నుంచి మొదలవుతుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. గోడౌన్‌లో ఏడాది పడుకున్న రోల్ మీ చేతికి వచ్చేసరికే సగం గడువు అయిపోయి ఉంటుంది.

తేదీ బదులు ఐదంకెల కోడ్ ఉంటే కంగారు పడకండి. చాలా కంపెనీలు మొదటి రెండంకెల్లో సంవత్సరం, తర్వాతి మూడంకెల్లో ఆ ఏడాదిలో ఎన్నో రోజో రాస్తాయి. ఆ లెక్కన 24153 అంటే 2024లో 153వ రోజు, అంటే జూన్ 1. అందరూ ఇదే పద్ధతి పాటించరు కాబట్టి అనుమానం ఉంటే లాట్ నంబరు చెప్పి కంపెనీ కస్టమర్ సర్వీసునే అడగండి.

ఇంటికి తెచ్చిన రోజే చేయాల్సినవి:

- తయారీ తేదీ లేదా లాట్ నంబరు ఫోన్‌లో ఫొటో తీయండి
- మాస్కింగ్ టేపు ముక్క మీద మార్కర్‌తో కొన్న నెల, సంవత్సరం రాసి రోల్ లోపలి అట్ట గొట్టానికి అంటించండి (బయటి ప్యాకెట్ ఎప్పుడో ఒకప్పుడు చెత్తబుట్టలోకి పోతుంది)
- ఇంట్లో ముందే ఒకటి ఉంటే పాతదాన్ని ముందుకు జరపండి, ముందు వాడాల్సింది అదే

## 3. టేపుని పాడుచేసేది ఏది

మొదటి దోషి వేడి. ఈ జిగురు ఆరి గట్టిపడే రకం కాదు, ఒత్తితే అంటుకునే రకం, అంటే రోల్‌లో ఉన్నప్పుడూ అది పచ్చిగానే ఉంటుంది. వేడికి ఇంకా మెత్తబడి అంచుల నుంచి పక్కకు కారుతుంది, లైనర్‌ని గట్టిగా పట్టేస్తుంది. పదేపదే వేడెక్కితే జిగురులోని మెత్తదనం కూడా తగ్గిపోతుంది. బయట 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రోజు అద్దాలు మూసిన కారు లోపల గంటలో 140 దాటొచ్చు, ఎండలో నిలబెట్టిన ట్రైలర్ అర కూడా చల్లగా ఏమీ ఉండదు. చాలా కాలనీల్లో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఇంటి ముందు ట్రైలర్ పెట్టనివ్వరు కాబట్టి మన బండ్లన్నీ ఊరి చివర స్టోరేజీ లాట్లలో, నీడ లేని చోట, నెలల తరబడి ఉడుకుతుంటాయి. లోపల టేపు కూడా వాటితో పాటే.

రెండోది తేమ. కాగితం లైనర్ తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ముడతలు పడుతుంది, ముడత పడిన చోట జిగురు నుంచి లేచి లోపలికి గాలి, దుమ్ము పోనిస్తుంది. హ్యూస్టన్, ఫ్లోరిడా వైపు ఉన్నవాళ్లకు ఇది వేడితో సమానమైన సమస్య.

దుమ్ము చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ టేపు లేవడం మొదలయ్యేది అంచు దగ్గరే, దుమ్ము పట్టేదీ అంచుకే. ఎండ నేరుగా తగలకూడదని వేరే చెప్పక్కర్లేదు. చలి మాత్రం అనుకున్నంత శత్రువు కాదు, దాని గురించి చివర్లో చెప్తాను.

## 4. కొనేటప్పుడే సగం పని

ఎక్కువ కొనకండి. 50 అడుగుల రోల్ చవగ్గా పడుతుందని కొని, ఏడడుగులు వాడి, మిగతాది మూడేళ్లు దాచి పారేసినవాళ్లు నాకు తెలుసు, అందులో మొదటివాణ్ణి నేనే.

లెక్క ఇలా వేయండి. ట్రైలర్ రూఫ్ వెంట్ రంధ్రం మామూలుగా 14 అంగుళాల చదరం. దాని చుట్టూ ఉన్న అంచుతో కలిపి ఒక్కో వైపు 18 అంగుళాలు అనుకుంటే నాలుగు వైపులకి 72 అంగుళాలు, ఆరడుగులు. మూలల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి ఇంకో అడుగు. అంటే వెంటుకి ఏడడుగులు. ఈ ఏడాది నిజంగా చేయబోయే పనికి ఎంత కావాలో కూడి, దాని మీద అత్యవసరానికి ఒక ఐదడుగులు కలుపుకోండి, చాలు. పెద్ద రోలే కొనాల్సి వస్తే ఇంకో ట్రైలర్ ఉన్న స్నేహితుడితో కలిసి కొని, కొన్న రోజే పంచుకోండి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే జులై, ఆగస్టుల్లో వద్దు. డెలివరీ బండిలో రోజంతా, ఆ తర్వాత గుమ్మం ముందు సాయంత్రం దాకా ఎండలో ఉంటుంది. అక్టోబరు, నవంబరులో తెప్పించుకుని వసంతంలో వాడుకోవడం మేలు.

చేతికి రాగానే చూడాల్సినవి:

- రోల్ గుండ్రంగా ఉందా, ఒకవైపు చప్పిడిగా నొక్కుకుపోయిందా
- పక్క అంచుల్లో జిగురు బయటికి ఉబికిందా
- లైనర్ ముడతలు పడిందా, ఎక్కడైనా లేచిందా
- తయారై ఏడాది దాటిందా

వీటిలో ఏది తేడాగా ఉన్నా ఆ రోజే వెనక్కి పంపండి. వాపసు గడువు దాటాక ఎవరూ వినరు.

## 5. దాచే పద్ధతి, వరుసగా

టేపు తయారీదారులు సాధారణంగా సూచించేది 60 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 16 నుంచి 27 సెల్సియస్, తేమ 40 నుంచి 60 శాతం. దీనికోసం ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు, మనుషులకు సుఖంగా ఉండే గదే టేపుకీ సుఖం.

ఒకటి, చోటు ఎంచుకోండి. ఇంటి లోపల, కిందివైపు అర, బయటి గోడకి ఆనుకోని అల్మరా. అటిక్ వద్దు, గ్యారేజీ వద్దు, వాటర్ హీటర్ పక్కన వద్దు, బట్టలు ఆరబెట్టే మిషన్ ఉన్న గది కూడా వద్దు, అక్కడ వేడీ తేమా రెండూ ఉంటాయి. మా ఇంట్లో అది ప్యాంట్రీలో చేరింది. "పప్పు డబ్బాల పక్కన ఈ తారు ముద్ద ఏంటండీ" అని మా ఆవిడ ఒక ఏడాది అడిగి ఊరుకుంది.

రెండు, కంపెనీ ప్యాకింగ్ తీయకండి. లోపల తేమ పీల్చే చిన్న సంచీ ఉంటే దాన్నీ అలాగే ఉంచండి.

మూడు, ప్యాకింగ్‌తో సహా జిప్ సంచిలో పెట్టి, గాలి నొక్కి బయటికి పంపి మూయండి. ఫ్రీజర్‌కి వాడే మామూలు సంచి చాలు.

నాలుగు, గట్టి డబ్బాలో పడుకోబెట్టండి, పళ్లెం పెట్టినట్టు. చక్రంలా నిలబెడితే బరువంతా ఒక్క చోట పడి అక్కడ చప్పిడి అవుతుంది, మెత్తటి బ్యూటైల్ అయితే మరీ తొందరగా. మేకుకి వేలాడదీయడం కూడా అంతే.

ఐదు, ఒకదాని మీద ఒకటి రెండు రోల్స్ కంటే ఎక్కువ పేర్చకండి, మధ్యలో వ్యాక్స్ పేపర్ వేయండి. వాటి మీద టూల్‌బాక్సు పెట్టకండి.

ఆరు, పెట్రోలు, థిన్నర్, వార్నిష్ డబ్బాలు ఉన్న అరలో పెట్టకండి. ఆ రకం ద్రావకాలు జిగురుకి పడవు, ఎలాగూ ఇంట్లో ఉండాల్సిన వస్తువులూ కావు.

## 6. సగం వాడిన రోల్

విప్పని రోల్ కంటే దీనికే ఎక్కువ జాగ్రత్త కావాలి, మనం చేయనిదీ దీనికే.

పని అయిపోయి కిందికి దిగాక చేతులు నల్లగా, మొహం చెమటగా ఉంటుంది, రోల్‌ని అలా బకెట్‌లో పడేస్తాం. అలా కాకుండా:

1. చివర కత్తితో నేరుగా కోయండి. వంకరగా చిరిగిన చివర ఉంటే లైనర్ అక్కడి నుంచే లేస్తుంది.
2. బయటపడిన జిగురు మీదికి అదే లైనర్‌ని సాగదీసి నొక్కండి. లైనర్ చాలకపోతే కేకులు బేక్ చేసేటప్పుడు వాడే సిలికాన్ పూత ఉన్న పార్చ్‌మెంట్ కాగితం ముక్క పెట్టండి. న్యూస్ పేపరు, టిష్యూ పెడితే మళ్లీ ఊడవు.
3. పక్క అంచులకి ఇసుక, రూఫ్ పొడి అంటితే తుడవకండి, తుడిస్తే లోపలికి పోతుంది. ఆ చుట్టు కోసి పారేయండి.
4. మెత్తటి బ్యూటైల్ అయితే రోల్‌ని వ్యాక్స్ పేపర్‌లో చుట్టండి.
5. జిప్ సంచి, గట్టి డబ్బా, ఇంటి లోపల. మొదటిసారి విప్పిన తేదీ మాస్కింగ్ టేపు మీద రాయండి.

విప్పిన రోల్‌కి నేను పెట్టుకున్న సొంత గడువు ఒక ఏడాది. కంపెనీ లెక్క కాదు, నా లెక్క. ఏడాది దాటితే పరీక్ష చేయకుండా పైకి తీసుకెళ్లను.

## 7. పాత రోల్ పరీక్ష: పైకెక్కే ముందు, కిందే

ఇది ముందు రోజు చేయాలి, ఎందుకంటే అసలు పరీక్షకి 24 గంటలు పడుతుంది. రోల్ చల్లగా ఉంటే ముందుగా గదిలో ఒక రోజు ఉంచండి.

చూపు. మొదటి చుట్టు మొత్తం కోసి పక్కన పెట్టండి, అది ఎప్పుడూ చెడ్డగానే ఉంటుంది. రెండో చుట్టు చూడండి. రంగు మారిందా, పైపొర, జిగురు విడిపోతున్నాయా?

లైనర్. ఆరంగుళాల ముక్క తీసి లైనర్ ఊడదీయండి. ఒకే ముక్కగా, జిగురు మొత్తం టేపు మీదే ఉండిపోయేలా రావాలి. కాగితం చిరిగి పొరలు జిగురు మీద ఉండిపోతే ఆ భాగం పైకప్పుకి పనికిరాదు, ఎంత రుద్దినా కాగితం ఉన్న చోట అంటుకోదు.

బొటనవేలు. శుభ్రమైన పొడి వేలితో జిగురు మీద రెండు సెకన్లు నొక్కి తీయండి. వేలిని పట్టి లాగాలి. నున్నగా, కొవ్వొత్తిలా అనిపిస్తే ఎండిపోయినట్టు. బ్యూటైల్ అయితే చిటికెడు తుంచి సాగదీయండి: తీగలా సాగితే మంచిది, మట్టిలా తెగితే చెడ్డది.

అసలు పరీక్ష. మీ పైకప్పు రబ్బరు ముక్క ఉంటే అది, లేదంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే అల్యూమినియం రేకు ముక్క. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరంగుళాల టేపులో మూడంగుళాలు అతికించి, చేతి రోలర్‌తో బలంగా నాలుగైదుసార్లు దొర్లించండి. వేళ్లతో నొక్కితే చాలదు, ఒత్తిడి వల్లే అంటుకునే జిగురు ఇది. మర్నాడు మిగతా మూడంగుళాలు పట్టుకుని మెల్లగా పైకి లాగండి.

జిగురు చీలి, సగం రేకు మీద సగం టేపు మీద ఉండిపోతే ఆ రోల్ నిక్షేపంగా ఉంది. టేపు శుభ్రంగా, రేకు మీద మచ్చ కూడా లేకుండా ఊడి వచ్చేస్తే దాన్ని పైకప్పుకి వాడకండి. ఈ రెండింటికీ మధ్యలో ఉంటే, అంటే కొన్నిచోట్ల అంటి కొన్నిచోట్ల వదిలితే, ముందు మన శుభ్రం చేయడంలో లోపమేమో చూడాలి. ఇంకోసారి జాగ్రత్తగా కడిగి మళ్లీ చేయండి. రెండోసారీ అంతే అయితే పక్కన పెట్టండి.

తేదీ దాటినా ఈ పరీక్ష పాసైతే చిన్న రిపేరుకి, కంటికి కనబడే చోట నేను వాడతాను. మొత్తం అతుకు మీద ట్రైలర్ పొడవునా వేసే పనికి మాత్రం కొత్తదే కొంటాను, వారంటీ సంగతి ఒకటి ఉంది, పైగా లోపల చెక్క కుళ్లితే అయ్యే ఖర్చు ముందు రోల్ ఖరీదు ఏపాటిది.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటికి సర్దుబాట్లు

లైనర్ ఊడట్లేదు. రోల్‌ని జిప్ సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి. చల్లబడి జిగురు బిగుస్తుంది, కాగితం వదులుతుంది. లైనర్ ఊడిన ముక్కని గది వేడికి వచ్చాక అతికించండి. మిగతా రోల్ మాత్రం మళ్లీ గది వేడికి వచ్చేదాకా సంచి తెరవకండి, లేదంటే చల్లని జిగురు మీద నీటి చెమ్మ పడుతుంది.

హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే ప్రాణం పోసుకుంటుందా? చలికి బిగుసుకున్న మంచి టేపు మెత్తబడుతుంది. ఎండిపోయిన టేపు కాసేపు జిగురుగా అనిపించి మోసం చేస్తుంది, రెండు వారాల్లో అంచు లేస్తుంది.

రోల్ చప్పిడి అయింది. ఆ భాగం పొడవునా జిగురు మందం ఒకేలా ఉండదు. చప్పిడి చోట్లు కోసేసి మిగతా ముక్కల్ని చిన్న పనులకి వాడండి.

పాత టేపు అంటట్లేదని అంచుల మీద సిలికాన్ పూయడం. దయచేసి వద్దు. సిలికాన్ ఒకసారి పడ్డాక దాని మీద ఇంకేదీ సరిగా అంటుకోదు, తర్వాత దాన్ని గీకి తీయడం రోజంతా పని.

శుభ్రం చేయడానికి పెట్రోలు, మినరల్ స్పిరిట్స్. మీది ఈపీడీఎం రబ్బరు పైకప్పు అయితే పెట్రోలియం ద్రావకాలు దాన్ని ఉబ్బిస్తాయి. తప్పు టేపుదని అనుకుంటాం, చేసింది మనం.

ఫెయిలైన రోల్ పారేయాలా? పెరట్లో షెడ్డుకి, కుండీల స్టాండుకి, టూల్‌బాక్సు అడుగుకి వాడుకోండి. దాని మీద "రూఫ్‌కి వద్దు" అని పెద్దగా రాయండి, ఆర్నెల్ల తర్వాత మీకే గుర్తుండదు.

## 9. ప్రయాణంలో మరి?

టేపు ఇంట్లో ఉంటే దారిలో వాన వస్తే ఏం చేయాలి అంటారు, న్యాయమే. దీనికి నేను చేసేది: ఐదడుగుల రూఫ్ టేపు, మూడడుగుల బ్యూటైల్, చేతి రోలర్, కత్తి, గుడ్డముక్కలు, చిన్న సీసాలో ఆల్కహాల్, అన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో. టేపు ముక్కల్ని మడవకుండా లైనర్ బయటికి ఉండేలా వదులుగా చుట్టి జిప్ సంచిలో పెడతాను.

ఆ డబ్బా ట్రైలర్‌లో కాకుండా కారులో, మనతో పాటు ఏసీలో ప్రయాణిస్తుంది. క్యాంపు చేరాక ట్రైలర్ లోపల మంచం కింద. తిరిగి వచ్చిన రోజు ఫ్రిజ్‌లోంచి పెరుగు, పచ్చడి సీసాలు దించుతాం కదా, వాటితో పాటే దీన్నీ దించాలి. పచ్చడి ఎవరూ మర్చిపోరు కాబట్టి రెండూ ఒకే సంచిలో పెట్టడం అలవాటు చేసుకున్నాను.

## 10. చలి రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు

మినసోటా, మిషిగన్ వైపు ఉన్నవాళ్లు చలికాలమంతా గ్యారేజీలో గడ్డకట్టిన రోల్‌ని చూసి పారేస్తుంటారు. తొందరపడకండి. బ్యూటైల్ చలికి రాయిలా బిగుసుకుంటుంది, గది వేడికి మళ్లీ మెత్తబడుతుంది. సంచి విప్పకుండా ఇంట్లోకి తెచ్చి ఒక రోజంతా అలాగే ఉంచి, తర్వాత 7లో చెప్పిన పరీక్ష చేయండి. గడ్డకట్టి ఉండగా విప్పడానికి లాగితే పైపొర, జిగురు విడిపోవచ్చు, అప్పుడు అది నిజంగానే పారేయాల్సిన రోల్ అవుతుంది. ఫోమ్ టేపు ఒక్కటి, అంచు పెళుసుగా విరుగుతుంటే ఇంట్లోకి తెచ్చినా బాగుపడదు, కొత్తది కొనండి.